పాత ఎం.జీ.బీకి ఎలక్ట్రానిక్ స్పీడోమీటర్: తప్పు మీటర్‌ది కాదు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అనంతపురంలో 1965 నాటి ఎం.జీ.బీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. గేర్‌బాక్స్‌లో స్పీడోమీటర్ కేబుల్‌ను తిప్పే పళ్ళు అరిగిపోయాయి. దాని కోసం గేర్‌బాక్స్ దించడం ఇష్టం లేక 100 మి.మీ. ఎలక్ట్రానిక్ మీటర్ తెప్పించారు. కిట్‌లో హాల్ సెన్సార్ (అయస్కాంతం ఎదుటికి వచ్చినప్పుడల్లా ఒక పల్సు ఇచ్చేది), రెండు అయస్కాంతాలు వచ్చాయి. అయస్కాంతాలను ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు (గేర్‌బాక్స్ తిరుగుడును వెనక యాక్సిల్‌కు అందించే గొట్టం) అంటించారు, సెన్సార్‌ను టన్నెల్ రేకుకు (షాఫ్ట్ మీద కప్పులా ఉండే బాడీ రేకు) బిగించారు. బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసినది), మీటర్ నెగెటివ్ ఎర్త్ (మైనస్ బాడీకి కలవాల్సినది) కాబట్టి పక్క సీట్లో విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టి నడిపి చూశారు. బండి నిలబడి ఇంజన్ ఆడుతుంటే ముల్లు 20 దగ్గర ఉంటోంది. రోడ్డు మీద గుంత వస్తే సున్నాకి పడి మళ్ళీ లేస్తోంది. మీటర్ పాడైందా, వెనక్కి పంపెయ్యాలా అని అడిగారు.

పంపకండన్నా. ఆ మీటర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాని దగ్గరికి వచ్చిన పల్సులు లెక్కపెట్టడం తప్ప దానికి వేరే విద్య రాదు. ఏ పల్సు షాఫ్ట్‌ది, ఏది కాదు అని దానికి తెలియదు.

ఆ 20 ఎక్కడిదో లెక్కేసి చూద్దాం. ఎం.జీ.బీ డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్‌లోని పళ్ళచక్రాల పెట్టె) నిష్పత్తి 3.909, అంటే 11 పళ్ళకు 43 పళ్ళు. 165/80 ఆర్14 టైర్ బరువు మీద కిలోమీటరుకు సుమారు 529 చుట్లు తిరుగుతుంది. రెండూ గుణిస్తే షాఫ్ట్ కిలోమీటరుకు 2,068 చుట్లు. రెండు అయస్కాంతాలు కాబట్టి 4,136 పల్సులు. కిలోమీటరుకు ఎన్ని పల్సులని మీటర్‌కు మీరు ఇచ్చిన అంకె ఇంచుమించు ఇదే అయ్యుంటుంది. ఇప్పుడు ఇంజన్ వైపు చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ రెండు చుట్లకు నాలుగు స్పార్కులు కొడుతుంది. ఐడ్లింగ్ 700 ఆర్‌పీఎం అనుకుంటే నిమిషానికి 1,400, గంటకు 84,000. దాన్ని 4,136తో భాగిస్తే 20.3. మీ మీటర్ చక్రాలను వదిలేసి స్పార్కులను లెక్కపెడుతోంది.

రుజువు కావాలంటే బండి న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కి 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. ముల్లు 40కి వస్తే ఇక సందేహం లేదు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచినప్పుడు సున్నా చూపిస్తే సెన్సార్ కూడా బాగున్నట్టే.

గుంతల్లో పడిపోవడానికి కారణం వేరే. గేర్‌బాక్స్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. గుంత తగిలినా, యాక్సిలరేటర్ వదిలి పట్టినా అది నాలుగైదు మి.మీ. కదులుతుంది. టన్నెల్ రేకు మాత్రం బాడీతో పోతుంది. సెన్సార్ టన్నెల్‌కు, అయస్కాంతం గేర్‌బాక్స్ వెంట తిరిగే షాఫ్ట్‌కు ఉంటే మధ్యలో గ్యాప్ మారుతూనే ఉంటుంది. గ్యాప్ పెరిగిన క్షణంలో పల్సు పోతుంది, ముల్లు పడుతుంది. కాబట్టి సెన్సార్ ఏ భాగాన్ని చూస్తోందో ఆ భాగంతో పాటే కదిలే చోట దాన్ని బిగించాలి. గేర్‌బాక్స్ చివరి ఫ్లాంజ్‌ను (షాఫ్ట్ బిగించే పళ్ళెం) చూస్తుంటే గేర్‌బాక్స్‌కు, డిఫరెన్షియల్ ఫ్లాంజ్‌ను చూస్తుంటే డిఫరెన్షియల్ హౌసింగ్‌కు.

ఇవి రెండూ సరిచేసుకునే ముందు పెద్ద పని ఒకటుంది. పక్క సీట్లో బ్యాటరీతో ఎన్నాళ్ళు తిరుగుతారు?

బండి పాజిటివ్ ఎర్త్‌లోనే ఉంచి మీటర్ వైర్లు రెండూ తారుమారు చేసి ఇస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. సరిపోదు. చాలా మీటర్లలో మీటర్ డబ్బా, వెనక పట్టీ, నెగెటివ్ లోపల కలిసే ఉంటాయి. పట్టీ డాష్‌బోర్డు రేకుకు తగలగానే బండి పాజిటివ్‌కు మీటర్ నెగెటివ్ నేరుగా కలిసి షార్ట్ అవుతుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ పూర్తిగా విడిగా ఉండే డీసీ కన్వర్టర్ పెట్టి, డబ్బాను రేకుకు తగలకుండా రబ్బరుతో చుట్టి నడిపించవచ్చు. నడుస్తుంది కూడా. కానీ రేపు మొబైల్ చార్జర్ పెట్టాలన్నా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలన్నా ఇదే గోల మళ్ళీ మొదలు. నా మాట వింటే ఒక పూట కూర్చుని బండిని నెగెటివ్ ఎర్త్‌కు మార్చేయండి. ఎం.జీ కంపెనీ కూడా 1967 చివర్లో మార్క్ 2 తెచ్చినప్పుడు అదే చేసింది.

ఆ పని ఇలా. సీట్ల వెనక నేల కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. రెండిటినీ విప్పండి. తిప్పి పెట్టేటప్పుడు నెగెటివ్ బాడీకి, పాజిటివ్ స్టార్టర్ వైపు రావాలి. పాజిటివ్ కొమ్ము నెగెటివ్ కంటే కొంచెం లావు, కాబట్టి పాత క్లాంపులు ఒకటి వదులుగా, ఒకటి దూరకుండా ఉంటాయి. సుత్తితో కొట్టి దూర్చకండి, కొమ్ము లోపల కదిలి బ్యాటరీ పోతుంది. క్లాంపులు కొత్తవి వేయించుకోండి, ఖర్చు ఏమంత ఉండదు. బ్యాటరీ కనెక్షన్ ఇంకా ఇవ్వకండి.

ముందు టాకోమీటర్, అంటే ఇంజన్ చుట్లు చూపే మీటర్. 1964 చివర్లో అయిదు బేరింగుల ఇంజన్‌తో పాటు ఎలక్ట్రికల్ టాకో వచ్చింది. మీ డయల్ మీద ఆర్.వి.ఐ. అని చిన్న అక్షరాలు కనిపిస్తే అది పోలారిటీ (ప్లస్, మైనస్) చూసేదే. కనెక్షన్లు తిప్పకుండా కరెంటు ఇస్తే లోపల ట్రాన్సిస్టర్ పోతుంది. దాన్ని విప్పి మీటర్లు బాగుచేసే మెకానిక్ దగ్గర లోపలి కనెక్షన్లు, వెనక ఉన్న లూపు రెండూ తిప్పించాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు పోయే తెల్ల వైరు ఈ టాకో వెనక లూపు గుండానే పోతుంది. టాకో విప్పి బాగుచేయడానికి పంపితే ఆ తెల్ల వైరు తెగినట్టే, బండి స్టార్ట్ కాదు. రెండు తెల్ల కొసలూ తాత్కాలికంగా కలిపి టేపు చుట్టండి.

తర్వాత కాయిల్. ఎస్.డబ్ల్యూ., సి.బి. అని రాసిన రెండు టెర్మినళ్ళ మీది వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. మార్చకపోయినా ఇంజన్ నడుస్తుంది కానీ ప్లగ్గు దగ్గర స్పార్క్ తిరగబడి బలహీనపడుతుంది. పెట్రోల్ పంపు ఎస్.యూ. కంపెనీ పాత రకం, లోపల డయోడ్ లేనిదైతే ఎటు ఇచ్చినా కొట్టుకుంటుంది. డయోడ్ ఉన్నదైతే దాన్నీ తిప్పాలి. హీటర్ ఫ్యాన్ తిరగబడితే వైర్లు మార్చుకోవచ్చు. అనంతపురంలో హీటర్ వేసేవాళ్ళు ఎవరుంటారు గానీ.

ఇక బ్యాటరీని చార్జ్ చేసే డైనమో. దీన్ని వదిలేసి ఇంజన్ స్టార్ట్ చేస్తే రెగ్యులేటర్ కాంటాక్టులు అతుక్కుపోతాయి. డైనమో వెనక పెద్ద టెర్మినల్ డి, చిన్న టెర్మినల్ ఎఫ్. రెండు వైర్లూ విప్పండి. బ్యాటరీ కొత్త పద్ధతిలో కలపండి, నెగెటివ్ బాడీకి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కు ఒక్కో సెకను చొప్పున మూడు నాలుగు సార్లు తాకించండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడకండి. దానితో డైనమో ఫీల్డ్‌లో అయస్కాంతం దిశ మారుతుంది. వైర్లు మళ్ళీ డైనమోకు బిగించి స్టార్ట్ చేయండి. వేగం పెంచగానే ఎర్ర చార్జింగ్ లైటు ఆరాలి. రెగ్యులేటర్ వైర్లు ఉన్నప్పుడే తాకిస్తే మాత్రం రెగ్యులేటర్ కాలుతుంది.

ఇప్పుడు సెన్సార్. అంటించిన అయస్కాంతాల మీద నాకు నమ్మకం లేదు. ఎందుకో అంకెల్లో చూడండి. షాఫ్ట్ మధ్య నుంచి 5 సెం.మీ. దూరంలో 2 గ్రాముల అయస్కాంతం ఉందనుకుందాం. 3,000 ఆర్‌పీఎం దగ్గర దాన్ని బయటికి లాగే బలం దాదాపు ఒక కిలో. టాప్ గేర్‌లో మీరు 87 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు షాఫ్ట్ తిరిగేది అంతే. పైగా గేర్‌బాక్స్ వేడి, పక్కనే ఎగ్జాస్ట్ వేడి, పైన మే నెల ఎండ. ఎం-సీల్, ఎపాక్సీ ఏది పెట్టినా ఏదో ఒకరోజు ఊడి టన్నెల్‌కు తగిలి టకామని శబ్దం వస్తుంది. ఒక్కటే ఊడితే ఇంకో రకం వింత: మీటర్ సరిగ్గా సగం వేగం చూపిస్తుంది. అయస్కాంతాలే వాడాలనుకుంటే ఎదురెదురుగా పెట్టి, పైన స్టెయిన్‌లెస్ పట్టీ చుట్టి క్లిప్పు బిగించాలి. ఒకే వైపు పెడితే షాఫ్ట్ బ్యాలెన్స్ పోతుంది. వాటికి ఇంకో బాధ, బ్రేకు దుమ్ము, ఇనుప రజను అంతా పట్టుకుంటాయి.

నేను చెప్పేది వేరే. ఫ్యాక్టరీల్లో కన్వేయర్లకు వాడే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సార్ పెట్టండి. ఎం12 సైజు (12 మి.మీ. లావు), ఎన్.పి.ఎన్. రకం, 10 నుంచి 30 వోల్టులు, మూడు వైర్లు. గోధుమ రంగు పాజిటివ్, నీలం నెగెటివ్, నలుపు సిగ్నల్. ఎలక్ట్రికల్ ఆటోమేషన్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. దీనికి అయస్కాంతాలు అక్కర్లేదు, ఎదుటికి ఇనుము వస్తే చాలు. మీ బండి షాఫ్ట్ గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌కు నాలుగు బోల్టులతో బిగి ఉంటుంది. ఆ నాలుగు బోల్టు తలలే మీ పళ్ళచక్రం. చుట్టుకు నాలుగు పల్సులు. బోల్టుల మధ్య దూరం సమానంగా లేకపోయినా పర్వాలేదు, మీటర్ సగటు తీసుకుంటుంది. మరీ నిదానంగా, 5 కి.మీ. లోపు, ముల్లు కొంచెం ఊగుతుంది, అంతే.

సెన్సార్ కొనేటప్పుడు డబ్బా మీద రెండు చూడండి. ఒకటి స్విచింగ్ ఫ్రీక్వెన్సీ. గంటకు 160 కి.మీ. దగ్గర మీకు సెకనుకు 368 పల్సులు వస్తాయి. 500 హెర్ట్జ్ అంతకంటే ఎక్కువ రాసినది తీసుకోండి. కొన్ని చవక ఎం18 సెన్సార్లు 200 దగ్గరే ఆగిపోతాయి, అప్పుడు 87 దాటగానే మీటర్ వెనక్కి పడుతుంది, మళ్ళీ మీటర్ మీదే అనుమానం వస్తుంది. రెండోది ఉష్ణోగ్రత. ఎక్కువ సెన్సార్లు 70 డిగ్రీల వరకే. అందుకే ఎగ్జాస్ట్ పైపు లేని వైపు బిగించండి, పైపు దగ్గరైతే మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టండి.

బ్రాకెట్ 3 మి.మీ. ఇనుప పట్టీతో ఎల్ ఆకారంలో చేయించండి. అల్యూమినియం పలుచని రేకు వద్దు, వణికి వణికి మడత దగ్గర చీలుతుంది. గేర్‌బాక్స్ వెనక హౌసింగ్ బోల్టుల్లో ఒకదాని కింద కాదు, రెండిటి కింద పట్టేలా రెండు రంధ్రాలు వేయించండి. ఒక్క బోల్టు మీద పెడితే అది ఇరుసులా తిరుగుతుంది. బోల్టులన్నీ ఇంచీ సైజువి. మిల్లీమీటర్ స్పానర్‌తో ప్రయత్నిస్తే మూలలు గుండ్రంగా అరిగి తర్వాత ఉలి పెట్టాల్సి వస్తుంది.

గ్యాప్ విషయంలో తొందర వద్దు. సెన్సార్ రేంజ్ 4 మి.మీ. అయితే 2.5 మి.మీ.లో పెట్టండి. షాఫ్ట్ చేత్తో తిప్పుతూ నాలుగు బోల్టు తలల దగ్గరా ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్న రేకులు) పెట్టి చూడాలి. తలలు ఒకే ఎత్తులో ఉండవు. ఒకదానికి వాషర్ ఉండి ఒకదానికి లేకపోతే అదే పెద్ద తేడా. ఎత్తైన తలకు 2, పొట్టి తలకు 3 దాటకుండా సర్దండి. సెన్సార్ ముఖం తల మధ్యభాగానికి ఎదురుగా రావాలి. పక్కకు జరిగి ఆరు మూలల అంచు మాత్రమే కనిపిస్తే ఒక్కో తలకు ఒక్కోసారి రెండు పల్సులు పుడతాయి. లాక్ నట్లు రెండు వైపులా బిగించి, పెయింటు మార్కర్‌తో నట్టు మీంచి బ్రాకెట్ మీదికి ఒక గీత గీయండి. తర్వాత వదులైందో లేదో చూడగానే తెలుస్తుంది.

బండి కింద దూరడానికి కుదరకపోతే డిఫరెన్షియల్ ముందు ఫ్లాంజ్ దగ్గర పెట్టవచ్చు, చెయ్యి బాగా ఆడుతుంది. అప్పుడు బ్రాకెట్ డిఫరెన్షియల్ హౌసింగ్ మీదే ఉండాలి, వైరు యాక్సిల్‌తో పాటు పైకి కిందికి ఆడేలా కొంచెం వదులు ఉంచాలి. బ్రేకు రబ్బరు గొట్టం ఎలా వంపు తిరిగి ఉందో వైరూ అలాగే. అక్కడ కుదుపు ఎక్కువ, నా ఓటు మాత్రం గేర్‌బాక్స్ వైపే.

పాత కేబుల్ తీసేసిన చోట గేర్‌బాక్స్ మూతిని అలాగే వదలకండి. లోపలి పిన్నియన్ హౌసింగ్ పీకకుండా పైన ఉన్న మరకు (థ్రెడ్) సరిపోయే మూత లేతు మీద చేయించి బిగించండి. లేకపోతే ఆయిల్ చెమరుస్తుంది, దుమ్ము లోపలికి పోతుంది.

సెన్సార్ పనిచేస్తోందా లేదా మీటర్ పెట్టకముందే చూసుకోవచ్చు. వెనక ఒక చక్రం మాత్రం జాకీతో లేపి స్టాండు పెట్టండి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం. గేర్ న్యూట్రల్. సెన్సార్‌కు 12 వోల్టులు ఇవ్వండి, దాని తోక దగ్గర చిన్న ఎర్ర బల్బు ఉంటుంది. చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పుతూ ఆ బల్బు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 78 రావాలి. 156 కదా అనుకోకండి. ఒక చక్రం నేల మీద నిలిచి ఉంటే డిఫరెన్షియల్ గుణం వల్ల షాఫ్ట్ సగమే తిరుగుతుంది. 58 లేదా 59 వస్తే ఒక బోల్టు తల సెన్సార్‌కు అందడం లేదని అర్థం.

వైరింగులో మీ 20 జబ్బుకు మందు ఉంది. మూడు కోర్ల షీల్డ్ వైరు తీసుకోండి. పాత స్పీడోమీటర్ కేబుల్ వచ్చిన రబ్బరు గ్రోమెట్ లోంచే లోపలికి తెచ్చుకోండి, కొత్తగా రేకు తొలవద్దు. కాయిల్, డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గు వైర్లకు కనీసం ఒక జానెడు దూరం. షీల్డ్ జాలీని మీటర్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, సెన్సార్ వైపు కత్తిరించి టేపు చుట్టండి. రెండు వైపులా ఎర్త్ చేస్తే షీల్డ్ గుండానే కరెంటు పారి కొత్త చికాకు తెస్తుంది. మీరు పక్క సీట్లో బ్యాటరీ పెట్టినప్పుడు మీటర్‌కు బండి ఎర్త్‌తో సంబంధమే లేదు. గాల్లో వేలాడే సర్క్యూట్ స్పార్కుల గోలను ఏంటెనాలా పట్టుకుంటుంది. బండి నెగెటివ్ ఎర్త్ అయ్యాక సగం గోల దానంతట అదే తగ్గుతుంది.

మిగతా సగం ప్లగ్గుల దగ్గర. పాత పద్ధతిలో రాగి తీగ ప్లగ్గు వైర్లు ఉంటే రెసిస్టర్ ఉన్న ప్లగ్గులు వేయండి. ఎన్.జీ.కే. బీ.పీ.6ఈ.ఎస్. వాడుతుంటే బీ.పీ.ఆర్.6ఈ.ఎస్. అదే ప్లగ్గు, లోపల రెసిస్టర్ అదనం, అంతే.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఆకుపచ్చ వైరు, ఫ్యూజు తర్వాత ఇగ్నిషన్‌తో వచ్చేది. అయితే లూకాస్ ఫ్యూజ్ డబ్బాలో ఉండేది 35 ఆంపియర్ల ఫ్యూజు. మీ మీటర్ సన్న వైరు బూడిదయ్యాక కూడా ఆ ఫ్యూజుకు చీమ కుట్టినట్టు ఉండదు. అందుకని మీటర్‌కు విడిగా 1 ఆంపియర్ ఇన్‌లైన్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు తర్వాత, మీటర్ దగ్గర పాజిటివ్‌కు నెగెటివ్‌కు మధ్య 1.5కే.ఈ.18ఏ డయోడ్ ఒకటి, 1,000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్ ఒకటి టంకం పెట్టండి. డయోడ్ గీత ఉన్న కొస పాజిటివ్‌కు. డైనమో రెగ్యులేటర్ కాంటాక్టులు తెరిచి మూసినప్పుడు, హారన్ కొట్టినప్పుడు వచ్చే వోల్టేజ్ కొరడా దెబ్బలన్నీ అదే మింగుతుంది. పెట్రోల్ గేజీకి పోయే లేత ఆకుపచ్చ వైరు మాత్రం ముట్టుకోకండి. వోల్టేజ్ స్టెబిలైజర్ ఉన్న బండిలో దాని మీద వచ్చేది తెరలు తెరలుగా వచ్చే సగటు 10 వోల్టులు, ఎలక్ట్రానిక్ మీటర్‌కు అది విషం.

డయల్ లైటుకు ఎరుపు మీద తెల్ల గీత, హై బీమ్‌కు నీలం మీద తెల్ల గీత, ఎర్త్‌కు నలుపు. అరవై ఏళ్ళ గుడ్డ చుట్టిన వైర్లలో రంగులు అన్నీ మట్టిరంగులోకి వచ్చి ఉంటాయి కాబట్టి టెస్ట్ ల్యాంపుతో ఒక్కోటీ నిర్ధారించుకోండి. ఎర్త్ వైరును మీటర్ పట్టీ మీద వదిలేయకుండా విడిగా తెచ్చి, పెయింటు గీకిన రేకు మీద బిగించండి. ప్రాక్సిమిటీ సెన్సార్ నలుపు వైరు మీటర్ సిగ్నల్ ఇన్‌పుట్‌కు. మీటర్ ఏమీ చూపించకపోతే, 12 వోల్టుల సిగ్నల్ తీసుకునే మీటరే అని కాగితంలో చూసుకుని, నలుపుకు గోధుమకు మధ్య 2.2 కిలోఓముల రెసిస్టర్ కలపండి. ఎన్.పి.ఎన్. సెన్సార్ కిందికి లాగడమే తప్ప పైకి ఎత్తలేదు, ఆ ఎత్తే పని రెసిస్టర్‌ది.

మీటర్ బిగించడం అయిదు నిమిషాల పని. పాత మీటర్ వెనక యు ఆకారం పట్టీ, చేతి నట్లు విప్పండి, డాష్‌బోర్డు కింద ఉన్న ట్రిప్ తిప్పే కేబుల్ నట్టు విప్పండి, మీటర్ ముందుకు వస్తుంది. కొత్తదానికి నట్లు చేతి బలంతో మాత్రమే. డబ్బా ప్లాస్టిక్‌దైతే పగులుతుంది.

ఇక క్యాలిబ్రేషన్, అంటే మీటర్‌ను అసలు దూరానికి సరిపెట్టడం. దీని మీద కొంచెం ఓపిక పెట్టండి. టైర్లలో గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సరిచూడండి. బేతంచెర్ల బండలో కడప బండలో పరిచిన చదునైన చోటు, లేదా సిమెంటు నేల చాలు. వెనక టైర్ నేలకు తగిలే చోట టైర్ మీద, నేల మీద సుద్దతో గీత గీయండి. నడిపే మనిషి సీట్లో కూర్చోవాలి, బరువుకు టైర్ కొంచెం నొక్కుకుంటుంది, ఆ నొక్కుడే మనకు కావాల్సింది. బండిని తిన్నగా తోసి టైర్ గీత ఆరోసారి నేలను తాకిన చోట మళ్ళీ గీయండి. టేపుతో కొలవండి. 11 మీటర్ల 34 సెం.మీ. వచ్చిందనుకోండి, ఆరుతో భాగిస్తే 1.89 మీటర్లు. ఇప్పుడు 15,636ని 1.89తో భాగించండి: 8,273. ఈ 15,636 అంటే 1,000 మీటర్లు, 3.909 నిష్పత్తి, నాలుగు బోల్టులు గుణించిన అంకె. మీ కొలత 1.92 వస్తే 8,144. టైర్ పక్కన రాసిన సైజు నుంచి లెక్క కట్టకండి. 165/80 ఆర్14 ఇప్పుడు డిజైర్ కార్ల వల్ల ఎక్కడైనా దొరుకుతోంది గానీ కంపెనీ కంపెనీకి చుట్టుకొలత ఒకటి రెండు శాతం మారుతుంది. మీవి తీగల చక్రాలైతే లోపల ట్యూబు తప్పదు, అది వేరే సంగతి.

ఆ అంకె మీటర్‌లో పెట్టాక హైవే మీద సరిచూడండి. గుత్తి–అనంతపురం మధ్య 44వ నంబర్ హైవే తిన్నగా ఉంటుంది, తెల్లవారుజామున ఖాళీ కూడా. ఒక్క కిలోమీటరు రాయితో సరిపెట్టుకోవద్దు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్ళు అటూ ఇటూ జరిగి ఉంటాయి. అయిదు కిలోమీటర్ల దూరం తీసుకోండి. మీటర్ బటన్ నొక్కడానికి పక్కన ఒకరు ఉండాలి, నడుపుతూ మీరే నొక్కకండి. వేగానికి ఫోన్‌లో జీపీఎస్ చాలు, కానీ అది ఒకటి రెండు సెకన్లు వెనకబడి చెబుతుంది. 60 దగ్గర పది సెకన్లు నిలకడగా ఉంచి అప్పుడు రెండూ పోల్చండి.

తేడా వస్తే సవరణ: పెట్టిన అంకెను మీటర్ చూపించిన వేగంతో గుణించి, అసలు వేగంతో భాగించండి. 8,273 పెట్టినప్పుడు అసలు 60కి మీటర్ 63 చూపిస్తే కొత్త అంకె 8,687. చాలామంది దీన్ని తిరగేసి భాగిస్తారు, తప్పు రెట్టింపవుతుంది. ఎక్కువ చూపిస్తుంటే అంకె పెరగాలి, అది గుర్తుంటే చాలు.

సరిగ్గా 60కి 60 చూపేలా పెట్టకండి. రెండు శాతం ఎక్కువ చూపేలా ఉంచండి, అంటే 61. యూరప్‌లో అమలయ్యే యూ.ఎన్. 39వ నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపినా అసలులో పదో వంతుకు 4 కి.మీ. కలిపినంత దాటకూడదు. మీ టైర్ కొత్తగా 8 మి.మీ. మందం ఉండి 2కి అరిగేసరికి ఆ ఒక్కదాని వల్లే రెండు శాతం ఎక్కువ చూపడం మొదలవుతుంది. కొత్త టైర్లు వేసినప్పుడు మాత్రం తిరిగి తక్కువలోకి జారుతుంది, అప్పుడు సుద్ద గీత పని మళ్ళీ ఒకసారి చేయాలి.

ఇంత బాధ ఎందుకు, జీపీఎస్ సెన్సార్ మీటర్ పెడితే పోదా అని ఎవరైనా అనొచ్చు. పెట్టవచ్చు. బండి కింద పనే ఉండదు, క్యాలిబ్రేషన్ ఉండదు, రోడ్‌స్టర్ కాబట్టి పైన రేకు కూడా అడ్డం లేదు. కానీ స్టార్ట్ చేసిన వెంటనే ఉపగ్రహాలు దొరికేదాకా ముల్లు సున్నాలోనే ఉంటుంది. గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట మలుపు మలుపుకూ వేగం మారుతుంటే అది చెప్పే వేగం ముందు మలుపుది. ఆ ఘాట్లో పాలకోవా కోసం ఆగేవాళ్ళకు ఫర్వాలేదు. బండిని బండిలా నడిపేవాళ్ళకు షాఫ్ట్ సెన్సారే.

పాత స్మిత్స్ కంపెనీ మీటర్‌ను పారేయకండి, అమ్మకండి. లోపలి యంత్రం తీసి స్టెప్పర్ మోటార్ పెట్టి పాత ముఖంతోనే ఎలక్ట్రానిక్‌గా మార్చడం కుదురుతుంది, తర్వాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు. డయల్ కింద 1280 అని ఉంటే మైలుకు కేబుల్ 1,280 చుట్లు తిరగాలని అర్థం, కిలోమీటరుకు 795. పైగా మీ బండి 50 ఏళ్ళు దాటింది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద వీ.ఏ. అక్షరాలుండే వింటేజ్ నంబర్ తీసుకునే ఆలోచన ఉంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. మీటర్ మార్చడం అంత పెద్ద మార్పు కాదు గానీ, డాష్‌బోర్డులో ఒక్క రంధ్రం కూడా కొత్తగా వేయకుండా ఉంటే ఎప్పుడైనా గంటలో పాతది తిరిగి పెట్టొచ్చు. తీసిన రోజు ఓడోమీటర్ రీడింగ్‌ను ఫోటో తీసి, తేదీతో సర్వీసు పుస్తకంలో రాసి పెట్టండి. కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది, రేపు కొనేవాళ్ళు అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

మొదటి 500 కి.మీ. తర్వాత ఒకసారి బండి కింద పడుకుని పెయింటు గీతలు కలిసి ఉన్నాయా చూడండి, నాలుగు తలల దగ్గరా ఫీలర్ గేజ్ మళ్ళీ పెట్టండి. గీత తప్పి ఉంటే బిగించే ముందు బ్రాకెట్ మడతలో చీలిక ఉందేమో వేలితో తడిమి చూడండి.